తూటా పట్టని తుపాకులు

2011లో, సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో, నేను మాదాపూర్‌లోని ఒక చిన్న ఆటల కంపెనీలో డిజైన్ విభాగం చూసేదాన్ని. మాది కంప్యూటర్ ఆట కాదు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడుపుకునే ఆట. అందులోని తుపాకులు అచ్చం నిజమైనవాటిలా ఉండాలని విదేశీ క్లయింట్ షరతు. ఒక్కోదాని బరువెంత, ఎన్ని తూటాలు పడతాయి, మళ్లీ నింపడానికి ఎంతసేపు, ఎప్పుడు మొరాయిస్తుంది, ఇవన్నీ నేను నియమాలుగా రాయాలి. ఆ నియమాల పుస్తకంలో ఫొటోల కోసం అసలు సైజు నమూనాలు శ్రీశైలం చేసేవాడు. కోకాపేట వాడు. చెక్కను ఇనుమని నమ్మించగలడు. సాయంత్రాలు ఉద్యమ సభలకు వెళ్లేవాడు. నాది కాకినాడ. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు.

ఫొటో స్టూడియో లింగంపల్లిలో. బస్సుల్లేవు కాబట్టి ఒకరోజు నమూనాలతో నా కారులోనే బయలుదేరాం. కొండాపూర్ దాటాక పోలీసు పికెట్. ఎస్సై డిక్కీ తెరిపించి గోనెగుడ్డ విప్పాడు. రెండు పిస్తోళ్లు, ఒక రైఫిలు. కానిస్టేబుళ్లు వెనక్కి జరిగారు. శ్రీశైలాన్ని దింపి, చేతులు పైకెత్తించి వెతికితే, జేబులో జై తెలంగాణ బ్యాడ్జి దొరికింది. రాస్తారోకోలో కనిపించినందుకే కుర్రాళ్లను స్టేషన్‌కు తీసుకెళ్తున్న రోజులవి. ఇక ఇతణ్ణి ఎవరు వదులుతారు?

నేను దిగి, అవి ఆట కోసం చేయించిన నమూనాలని చెప్పాను. ఎస్సై నమ్మలేదు. ఆటకు ఇలాంటి తుపాకులెందుకని అడిగాడు.

"డిజైన్ నాదండి. ఇతను నేను చెప్పింది చేశాడంతే. కేసు రాస్తే ముందు నా పేరు రాయండి," అన్నాను.

శ్రీశైలం ఎత్తిన చేతులు దించకుండా, "సార్, జర గొట్టంల చూడుండ్రి. బెజ్జం లేదు. నల్లరంగు ఏసిన, గంతే," అన్నాడు.

ఎస్సై రైఫిలు ఎత్తాడు. అనుకున్నంత బరువు లేక చేయి ఒక్కసారిగా పైకి లేచింది. మూతి దగ్గర గోరుతో గీకితే రంగు కింద చెక్క తేలింది. అందరికంటే ముందు గట్టిగా ఊపిరి వదిలింది ఆయనే.

"జనం చూస్తే ఏమైతదో ఎరుకేనా మేడమ్? మంచిగ గుడ్డల చుట్టి తీస్కపోండ్రి," అన్నాడు. బ్యాడ్జి కూడా తిరిగి ఇచ్చేశాడు.

స్టూడియో ముందు కారు ఆపాక శ్రీశైలం, నా పేరెందుకు చెప్పానని అడిగాడు. డిజైన్ నాదే కదా అన్నాను. అప్పుడు నవ్వొచ్చింది ఇద్దరికీ. ఆపుకోలేక, కారు దిగకుండా అలాగే కూర్చుండిపోయాం.

తర్వాత పద్ధతి మార్చాం. ఫొటోలో కనిపించే వైపే రంగు, రెండో వైపు ఉత్త చెక్క. నియమాలనూ తిరగరాశాను. బరువు, తూటాల లెక్కలు కిందికి వెళ్లాయి. మొదటి నియమం ఇది: ఆటగాడు తుపాకీ బయటికి తీస్తే, చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేస్తారో ముందు పాచిక వేసి తేల్చాలి.