స్టేజీ మీద రాగి సంగటి

మొన్న టీవీలో ఒకాయన రాగి సంగటి చేసి చూపిస్తా ఉన్నాడు. తెల్ల టోపీ, తెల్ల చొక్కా. నిలబడుకొని, గరిటెతో, పాయసం కలిపినట్టు! నాకు ఒళ్లు మండిపోయింది. "కూర్చోవయ్యా ముందు!" అని టీవీ మీద కేకేసినాను. ఇంట్లో అందరూ నవ్వినారు. నవ్వనీ. నేను బడికి పోయింది రెండేండ్లే. తెలుగు అక్షరాలు మా నాయన గోడ మీద బొగ్గుతో రాస్తే నేర్చుకున్నవాణ్ని. కానీ సంగటి సంగతి ఈ టోపీ ఆయన నాకు చెప్పాల్నా?

ఎనభైల్లో మాట ఇది. తమిళనాడులో ఉండే మా ధర్మపురిలో ఎగ్జిబిషన్ పెట్టినారు. రంగులరాట్నం కంటే ఎక్కువ జనం చేరింది వంట స్టేజీ ముందర. మదరాసు నుంచి ఒక మేడం వచ్చి, మైకులో మాట్లాడతానే గ్యాసు పొయ్యి మీద వండుతుంది, మిక్సీలో చట్నీ కొడుతుంది. అది బర్రుమని తిరిగినప్పుడల్లా ఆడవాళ్లు చప్పట్లు.

"రోట్లో నూరిన చట్నీ ముందర ఇదెంత!" అన్నాను నేను.

నా భార్య నా వైపు తిరగను కూడా లేదు. ఆమె కండ్లు మిక్సీ మీదనే ఉన్నాయి. తొమ్మిదిమందికి పొద్దున్నే లేచి రుబ్బేది ఆమె. నేనా?

ఆఖరి రోజు ఊరి ఆడవాళ్లకు పోటీ అన్నారు. ఎవరి సామాను వాళ్లు తెచ్చుకోవచ్చు. వంట మాత్రం ఒక్కరే చెయ్యాల. గెలిచినవాళ్లకు మిక్సీ. నా భార్య ఆ నిమిషమే పేరిచ్చేసింది.

"ఏం చేస్తావే?"

"సంగటి."

"అందరూ కేసరి, కట్లెట్టు చేస్తారంట గదా."

"చేసుకోనీ. నాకు బాగా వచ్చేది నేను చేస్తా. ఆ మిక్సీ నాకు కావాల."

పోటీ రోజు కుండ, గెలికే సంగటి కట్టె, రెండుగా చీలిన పంగల కట్టె తీసుకొని స్టేజీ ఎక్కింది. నేను ముందు వరసలో కూర్చున్నాను. నూకలు ఉడికినాయి, రాగిపిండి పోసింది. ఇంక గెలకాల. సంగటి గెలకడమంటే ఆటనా? నడుము బలమంతా చేతుల్లోకి రావాల. అందుకే కుండ నేల మీద పెట్టి, దాని మెడను పంగల కట్టెలో ఇరికించి, ఆ కట్టె రెండు కొసలనూ పాదాలతో అదిమి కూర్చుంటారు. అప్పుడుగానీ కుండ కదలదు. మా అవ్వ అట్లనే చేసింది, మా అమ్మా అట్లనే.

నా భార్య కూడా కుండ దించి, కూర్చుని, కాళ్లు పెట్టింది. అంతే! మేడం మైకులో అరిచింది అరవంలో: "అయ్యో, కాలు! తినే వస్తువు దగ్గర కాలా? తీయమ్మా, తీ!"

జనం నవ్వినారు. నా భార్య చేతులు ఆగిపోయినాయి. సంగటి ఆగుతుందా? ఒక్క నిమిషం ఆలస్యమైతే ఉండలు కట్టి ఊరుకుంటుంది. మిక్సీ పోయినట్టే! నేను ఎగిరి లేచినాను. "కాలు కట్టె మీద ఉంది తల్లీ, కుండ మీద కాదు!" అని అరుస్తానే స్టేజీ ఎక్కి, పంచె ఎగగట్టి, గొంతుక్కూర్చుని ఆ రెండు కొసలనూ నా చేతులతో అదిమి పట్టినాను.

"నిన్నెవరు రమ్మన్నారు?" అని పండ్లు కొరికింది నా భార్య.

"గెలుకు ముందు!"

గెలికింది చూడండి! ఆవిరి నా మొగాన కొడుతుంది, చెమట కారుతుంది, కుండ నా చేతుల కింద గింజుకుంటుంది. ఏం బలమయ్యా అది! ఇన్నేండ్లు ఆ సంగటి తిన్నానేగానీ, ఆ బలం నాకు తెలిసింది ఆ పొద్దే. తడి చేత్తో ముద్ద చేసి పళ్లెంలో దించితే అద్దం మాదిరి మెరిసింది. ఒక్క ఉండ లేదు.

మేడం, మిక్సీలో తాను కొట్టిన చట్నీ వేసుకొని, ఒక తుంట తుంచి మింగింది. ఇంకో తుంట. ఇంకోటి. తర్వాత తల ఊపి, "బాగుంది. కానీ సాయం పట్టినారు గదా. ఒక్కరే చెయ్యాలన్నాం," అంది.

నా ఆవేశమే ఆమె మిక్సీని పోగొట్టిందని తల దించుకున్నాను. నా భార్య మాత్రం లేచి నిలబడి అరవంలోనే అడిగింది:

"ఎవరి సామాను వాళ్లు తెచ్చుకోవచ్చని మీరే గదా అన్నారు మేడం?"

"అన్నాం."

ఆమె నా వైపు వేలు చూపి, "ఇది నా సామానే. పదహైదేండ్లుగా నా ఇంట్లోనే ఉండాది. ఈ పొద్దే మొదటిసారి పనికొచ్చింది."

పందిరి లేచిపోయింది! పాపిరెడ్డిపట్టి నుంచి వచ్చిన ఆడవాళ్లు ఈలలు వేసినారు, నిజంగా ఈలలే. మేడం మైకు పక్కన పెట్టి, కడుపు పట్టుకొని నవ్వి, మిక్సీ పెట్టె తెచ్చి నా భార్య చేతుల్లో పెట్టింది. నాకు సిగ్గు లేదు, కోపం లేదు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

ఇంటికి వచ్చినాక చూస్తే మాకున్న ప్లగ్గు ఒక్కటే, నా రేడియోది. "వార్తలయ్యేదాకా ఆగవే," అన్నాను. ఆమె వైరు పీకేసి మిక్సీది పెట్టి, దాంట్లో పచ్చిమిరపకాయలూ వేరుశెనగ బుడ్డలూ పోసింది. నేను లోకాన్ని నేర్చుకున్నదే ఆ రేడియోలో! నోరు తెరిచే లోపలే బర్రుమనింది. పెరట్లో ఉన్న మా అమ్మ చెవులు మూసుకొని, "ఏం కూలిందే!" అంటా పరిగెత్తుకొచ్చింది. కాసేపు ఆ పచ్చిమిరపకాయలూ బుడ్డలూ ఏమైనాయో వంగి వంగి చూసింది. చూసి, అక్కడే చతికిలపడి కోడలితో అంది:

"ఏదీ, ఇంకోసారి తిప్పవే."