గేటు కెమెరా, జయలక్ష్మి ఆంటీ తలపిన్ను

జయలక్ష్మి ఆంటీకి తెలిసిన వైద్యం ఒక్కటే. ఏ వస్తువు మొరాయించినా దాన్ని మొదటికి తెచ్చెయ్యడం. "రీసెట్టు కొట్టేద్దాం!" అంటుంది. కొప్పులోంచి నల్లటి తలపిన్ను లాగుతుంది. ఆ వస్తువు ఒంటి మీద సన్నటి బెజ్జం ఎక్కడుందో వెతికి పొడిచేస్తుంది. ఆ తర్వాత వస్తువు బతికితే ఆవిడ హస్తవాసి. బతక్కపోతే, "పోయేకాలం వచ్చినదాన్ని ఎవరాపుతారమ్మా!" అంటుంది. ఎన్ని వస్తువులు పోయినా ఆవిడ ధీమా మాత్రం పోగా నేను చూడలేదు.

మాది జగిత్యాల. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా ఉద్యోగం వచ్చాక, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో వాళ్ళింటి పై పోర్షన్ కిరాయికి తీసుకున్నాను. కింద ఆంటీ, రంగనాథ్ అంకుల్ ఉంటారు. భీమవరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళు. అంకుల్ అప్పటికి ఒక ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటు.

దిగిన వారంలోనే ఆంటీ వైద్యం రుచి చూశాను. ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేస్తున్నాను. అమెరికా క్లయింటు లైన్లో ఉన్నాడు. నేను గొంతు సవరించుకుని, "ఇప్పుడు మీకు చూపించబోయేది..." అన్నానో లేదో, చూపించడానికి ఏమీ మిగల్లేదు. వెనక్కి తిరిగితే ఆంటీ, రెండు పోర్షన్లకీ కలిపి నా గదిలో ఉన్న రౌటరు దగ్గర నిలబడి పిన్ను కొప్పులో పెట్టుకుంటోంది.

"నెట్టు నత్తనడక నడుస్తోందని అంకుల్ గొణుగుతున్నారమ్మా. అందుకని..."

మా మేనేజర్ సంతోష్ ఫోన్ చేశాడు. "ఏమైంది నవనీతా?"

"మా ఓనర్ ఆంటీ ఇంటర్నెట్‌ను మొదటికి తీసుకుపోయింది సార్."

"ఏ సంవత్సరానికి?" అన్నాడాయన.

సెట్‌టాప్ బాక్సుకి కూడా ఒకసారి ఈ వైద్యమే జరిగింది. భాషలన్నీ కలగలిసిపోయి, తెలుగు ఛానల్ నొక్కితే భోజ్‌పురి వచ్చేది. బాగుచేసేవాడు వచ్చేలోపు అంకుల్ భోజ్‌పురి వార్తలకే అలవాటు పడ్డారు. అతను వచ్చినప్పుడు, "ఉండవయ్యా, అక్కడేదో వంతెన గొడవ తేలడం లేదు" అని కాసేపు ఆపారు కూడా.

మనుషులకీ ఆవిడ దగ్గర ఇదే మందు. మా గేటుకి ఎదురుగా ఈశ్వరయ్య ఇస్త్రీ బండి ఉంటుంది. ఒకరోజు పక్కింటి శ్యామ్ చొక్కా కాలిపోయింది. శ్యామ్ ఇంటర్వ్యూకి వేసుకోవలసిన చొక్కా అది. మాటా మాటా పెరిగి, సందంతా చేరింది. ఆంటీ ఇద్దరి మధ్యకీ వెళ్ళి నిలబడింది.

"ఆగండి! మళ్ళీ మొదట్నించి. మీకు ఒకరికొకరు తెలీదు. ఇప్పుడే కలిశారు. ఊఁ, నమస్కారాలు పెట్టుకోండి."

ఆవిడ గొంతులోని అధికారానికి ఇద్దరూ చేతులు జోడించారు.

"నమస్తే అండి. నా పేరు శ్యామ్."

"నమస్తే సార్. నేను ఈశ్వరయ్య. బట్టలు ఇస్త్రీ జేస్త."

"ఇప్పుడు అసలు సంగతి చెప్పు ఈశ్వరయ్యా."

ఈశ్వరయ్య తల గోక్కున్నాడు. "మీ అంగి కాలవెట్టిన సార్."

శ్యామ్‌కి నవ్వాగలేదు. ఇక కోప్పడటం ఎలా? ఈశ్వరయ్య తన కొడుకు పెళ్ళికి కుట్టించుకున్న చొక్కా ఇచ్చి పంపించాడు. ఇంటర్వ్యూ బాగానే జరిగిందట.

ఇంతలో అంకుల్ రిటైరయ్యారు. ఆ తర్వాత కొద్ది రోజులకే మా గేటు స్తంభం మీద కెమెరా వెలిసింది.

ఎవరెప్పుడొచ్చారు, ఎవరెప్పుడు పోయారు అని చూడటం ఆయన జీవితమంతా చేసిన ఉద్యోగం. ఆఫీసు పోయాక చూసుకోవడానికి మేమే మిగిలాం. పొద్దున్నే టిఫిన్ తిని సోఫాలో వాలి, ఫోన్లో గేటు బొమ్మ పెట్టుకుని, అన్నానికి తప్ప లేచేవారు కాదు. చూస్తూ ఊరుకున్నా బాగుండేది. ఆ కెమెరాకి మాట్లాడే సదుపాయం కూడా ఉంది.

"నవనీతగారూ, చెప్పులు వరసలో లేవు."

"ఈశ్వరయ్యా, బండి గీత దాటింది."

"పాలబ్బాయ్, నిన్నటికన్నా లేటు."

ఓ పండగకి మా అమ్మ జగిత్యాల నుంచి వచ్చింది. గేటు తీసి లోపల అడుగు పెట్టగానే పైనుంచి గంభీరంగా, "ఎవరమ్మా మీరు? ఎవరి కోసం?" అని వినిపించింది. అమ్మ సంచి కింద పెట్టి, ఆకాశం వైపు రెండు చేతులూ ఎత్తి మొక్కి, "నా బిడ్డ నవనీత కోసం వచ్చిన స్వామీ" అంది. ఊరెళ్ళాక కూడా ఆ సంగతి తలుచుకుని వణికింది. "గా ఇంట్ల ఉండకు బిడ్డా, ఆడ గోడలు మాట్లాడుతయి" అని రోజూ ఫోనే.

చివరికి నాకూ విసుగొచ్చింది. ఆంటీ దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. "నెలాఖరుకు ఖాళీ చేస్త ఆంటీ. కొండాపూర్‌ల హాస్టల్ చూసుకున్న."

ఆంటీ మొహం చిన్నబోయింది. అదీ క్షణం మాత్రమే. "ఆ కెమెరా గురించేనా? దాన్లో ఏదో లోపం ఉందమ్మా. నేను చూస్తాగా. ఒక్క నెల ఓపిక పట్టు, నా బంగారం కదూ!"

ఆంటీ చూస్తానంటే ఏమవుతుందో నాకు తెలుసు. మర్నాడు ఆఫీసుకి బయల్దేరుతుంటే, ఆవిడ ప్లాస్టిక్ స్టూలెక్కి స్తంభం దగ్గర ఉంది. ఒక చేతిలో బూజుకర్ర, రెండో చేతిలో పిన్ను. కెమెరా ఇంగ్లీషులో ఏదో గొణిగి, ఎర్రలైటు మిణుకు మిణుకుమంటూ ఉండిపోయింది. ఇంటి వైఫై, పాస్‌వర్డు, అంకుల్ ఫోను, అన్నీ మరిచిపోయి, అప్పుడే అట్టపెట్టెలోంచి బయటపడ్డట్టు అమాయకంగా చూస్తోంది.

లోపల్నించి కేక. "జయా! ఏమీ కనపడటం లేదు!"

"బూజు దులుపుతుంటే ఏదో నొక్కుకుపోయిందండీ!"

అంకుల్ బయటికి పరిగెత్తుకొచ్చి లైటు చూశారు. "అయ్యో, ఇది ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌కి పోయింది!"

"పోనివ్వండి. పుట్టింటికి పోయొస్తే ఎవరైనా చెడిపోతారా?" అంది ఆంటీ.

గేటు దిక్కులేనిదైపోయింది. కెమెరా లేకపోతే కాపలా ఎవరు? అంకుల్ బనియన్ మీదే కుర్చీ తెచ్చి గేటు దగ్గర వేసుకున్నారు. దారిన పోయేవాళ్ళు చూస్తున్నారని గ్రహించి, లోపలికెళ్ళి చొక్కా వేసుకుని వచ్చారు. సాయంత్రం నేను రాగానే, "నువ్వు సాఫ్ట్‌వేరేగా, కాస్త దీని సంగతి చూడమ్మా" అన్నారు. స్టూలెక్కి, ఫోన్లో వచ్చిన క్యూఆర్ కోడు గళ్ళ బొమ్మని కెమెరాకి జానెడు దూరంలో పట్టుకుని నిలబడ్డాను. అది చదువుకుని, టింగుమని, మళ్ళీ మా ఇంటి కెమెరా అయింది. ఈశ్వరయ్య ఇస్త్రీ ఆపి చూసి, "గదెట్ల గుర్తువడ్తది మేడమ్?" అని ముచ్చటపడ్డాడు.

రెండ్రోజులు తిరక్కుండానే మళ్ళీ పోయింది. బాగుచేశాను. మళ్ళీ పోయింది. "దుమ్ము పడిందండీ." "పిట్ట వాలిందండీ." "ఉరుముకి అదిరిందండీ." ఆంటీ దగ్గర కారణాలకి కొదవలేదు. చివరికి అంకుల్ కంపెనీకి ఫోన్ చేసి, ఆఫీసు భాషలో ఫిర్యాదు వినిపించారు. అవతలి అమ్మాయి అంతా ఓపిగ్గా విని, "సార్, ఒకసారి ఫ్యాక్టరీ రీసెట్ చేసి చూడండి" అంది.

ఆంటీ నడుం మీద చేతులు పెట్టుకుంది. "చూశారా? కంపెనీవాళ్ళు కూడా నా మాటే చెప్పారు." అప్పటికే పిన్ను చేతిలో ఉంది.

ఇలా కెమెరా పుట్టింటికీ అత్తింటికీ తిరుగుతుంటే, అంకుల్ గేటు దగ్గర కూర్చోవడం ఎక్కువైంది. మొదట్లో దారిన పోయేవాళ్ళందర్నీ ప్రశ్నలతో చంపేవారు. అయితే స్పీకరులోంచి వచ్చే ప్రశ్న వేరు, ఎదురుగా కూర్చున్న మనిషి అడిగే ప్రశ్న వేరు. స్పీకరుకి జవాబిచ్చేసి పోవచ్చు. ఎదురుగా ఉన్న మనిషిని, "మీరెట్లున్నరు సార్?" అని తిరిగి అడక్కుండా పోలేం. ఆ తిరుగు ప్రశ్నలకి అంకుల్ మొదట తడబడ్డారు. తర్వాత అలవాటు పడ్డారు. కుర్చీ నెమ్మదిగా గేటు దగ్గర్నించి ఇస్త్రీ బండి నీడలోకి చేరింది. పాలబ్బాయి తన పెళ్ళిచూపుల కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు.

ఒకరోజు ఈశ్వరయ్య దిగులుగా ఉన్నాడు. వాళ్ళమ్మ కొమురమ్మ పేరు రేషన్ కార్డులో కొమురయ్య అని పడింది. "ఆఫీసుకు పోతే, కొమురయ్యను తీస్కరమ్మంటున్నరు సార్. లేని మనిషిని యాడికెల్లి తేవాలె?"

అంకుల్ కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఆయన కళ్ళల్లో ఆ వెలుగు నేను రిటైర్‌మెంటుకి ముందు చూశాను, మళ్ళీ అప్పుడే చూశాను. "దరఖాస్తు ఎవరికి పెట్టావ్? కింద సెక్షన్‌లోనా? అక్కడ పెడితే అక్కడే ఉంటుందయ్యా. పద!" అన్నారు. వీధి చివరి మందుల షాపుకి కూడా నడవని మనిషి, ఈశ్వరయ్యతో కలిసి బస్టాపు దాకా నడుచుకుంటూ పోయారు. నా చెప్పులు వరసలో ఉన్నాయో లేవో ఎవరూ పట్టించుకోవడం లేదు. నాకు హాస్టల్ సంగతే గుర్తులేదు.

ఒక ఆదివారం పొద్దున కెమెరా మళ్ళీ పోయింది. స్టూలెక్కి చూస్తే, వెనక బెజ్జంలో తలపిన్ను అలాగే గుచ్చుకుని ఉంది. ఆంటీ తొందర్లో మరిచిపోయినట్టుంది. నేను టెస్టర్ని. తప్పు ఎక్కడుందో వెతకడమే నా బతుకు. కెమెరాని కిందికి దించి, అటూ ఇటూ తిప్పి, చెయ్యగలిగిన పరీక్షలన్నీ చేశాను. నిక్షేపంలా ఉంది.

వంటింట్లో ఆంటీ పెసరట్లు పోస్తోంది. పిన్ను గట్టు మీద పెట్టాను.

"ఆంటీ, కెమెరాకు ఏ రోగం లేదు."

"లేకపోవడమేవిటమ్మా, రోజూ పోతుంటేనూ!"

"మీరు పొడుస్తుంటే పోతుంది."

ఆంటీ ఒకసారి వాకిలి వైపు చూసింది. అంకుల్ బయట ఎవరితోనో నవ్వుతున్నారు. స్టవ్వు తగ్గించింది.

"రిటైరైన కొత్తలో రోజూ ఒకటే అడిగేవారు. 'జయా, నా కోసం ఎవరైనా వచ్చారా?' అని. ఆఫీసువాళ్ళు వస్తారనుకున్నారు పాపం. ఎవరి పనులు వాళ్ళవి, ఎవరొస్తారు? కొన్నాళ్ళకి అడగడం మానేసి, ఈ కెమెరా తెచ్చుకున్నారు. సుగరుంది, నడవండి అని డాక్టరు చెప్తే, గేటెవరు చూస్తారన్నారు. ఈయన అందర్నీ చూస్తున్నారు గానీ, ఈయన్నెవరూ చూడటం లేదు కదమ్మా. చెప్తే లేచే మనిషా? అది పోతేనే లేస్తారు."

నాకు కాస్త కోపం వచ్చింది. "మరి నాకు చెప్పొచ్చు కదా! ప్రతిసారి స్టూలెక్కి సెట్ చేసేది నేనే!"

"చెప్తే నీ మొహంలో తెలిసిపోతుంది. ముప్పై ఏళ్ళు మొహాలు చూసే సెలవులిచ్చిన మనిషాయన."

"అయితే ఆ రౌటరు? సెట్‌టాప్ బాక్సు?"

ఆంటీ అట్టు తిప్పింది. "వాటిని నిజంగానే బాగుచేద్దామనుకున్నానమ్మా."

ఆ రోజు నుంచి నేనూ ఆవిడ పార్టీలో చేరాను. కెమెరాని మళ్ళీ సెట్ చెయ్యలేదు. కెమెరా సంగతి అంకుల్ అడిగితే, "కంపెనీల కంప్లయింట్ టికెట్ పెట్టిన అంకుల్. పైకి పోయింది" అన్నాను.

"ఎవరి టేబుల్ మీదుంది?"

"ఇంకా పైవాళ్ళ దగ్గర."

ఆయన గౌరవంగా తలూపారు. "తొందరపెట్టకు. ఫైలు దాని దారిన అది కదలాలి." మళ్ళీ ఆ ప్రసక్తి ఆయన ఎత్తలేదు.

కార్డులో కొమురయ్య పోయి కొమురమ్మ వచ్చింది. ఆ వార్త సందులు దాటి పాకింది. ఇంటిపేరు తప్పు పడ్డవాళ్ళు, పుట్టిన తేదీకన్నా ముందే బడిలో చేరినట్టు నమోదైనవాళ్ళు, బతికుండగానే చనిపోయినట్టు రాయించుకున్న ఒక పెద్దాయన, అందరూ "రంగనాథ్ సార్ ఇల్లు ఇదేనా?" అంటూ రాసాగారు.

కొన్ని వారాలకి ఆంటీ నా పోర్షన్‌కి వచ్చింది. చేతిలో ఆవిడ సొంత ఫోను.

"నవనీతా, ఆ కెమెరా మళ్ళీ పెట్టమ్మా. ఈసారి నా ఫోన్లో పెట్టు."

"మీకెందుకాంటీ?"

"ఎందుకేవిటే! మనిషి ఇంటి పట్టున ఉంటేగా? ఎప్పుడెళ్తున్నారో, ఎవరితో వెళ్తున్నారో నాకు తెలియొద్దూ? సుగరు మాత్ర కూడా పరిగెడుతూ మింగుతున్నారు!"

సెట్ చేశాను. గళ్ళ బొమ్మని ఆంటీయే స్వయంగా కెమెరాకి చూపించింది, దిష్టి తీస్తున్నంత శ్రద్ధగా. పైకొచ్చి, బాల్కనీలో నిలబడి ఫోన్లో చూశాం. గేటు కనిపించింది. ఖాళీ కుర్చీ కనిపించింది. ఈశ్వరయ్య స్కూటర్ స్టార్ట్ చేస్తున్నాడు. వెనక అంకుల్, మడత నలగని చొక్కాలో, చంకలో కాగితాల సంచితో ఎక్కి కూర్చుంటున్నారు.

ఆంటీ ఫోను పక్కన పడేసి, బాల్కనీలోంచి కిందికి వంగింది. "ఏవండీ! మధ్యాహ్నం భోజనానికి వస్తారా?"

అంకుల్‌కి వినపడలేదు. కాగితాల్లో ఏదో వెతుక్కుంటున్నారు. ఈశ్వరయ్యే తల పైకెత్తి, సందంతా వినపడేలా జవాబిచ్చాడు.

"అమ్మా, సార్ జర బిజీగున్నడు!"

స్కూటర్ మలుపు తిరిగిపోయింది. "చూశావా, ఎంత పొగరో!" అంది ఆంటీ నాతో, మొహమంతా నవ్వై.