వాసన రాకుండా మూసిన కిటికీలు

కాజీపల్లిలో మా కిరాయి ఇంటికి రెండే కిటికీలు. నా మొదటి కడుపు పోయినప్పుడు, అది ఊరి చుట్టూ ఉన్న మందుల కంపెనీల వాసన వల్లేనని అత్తమ్మ తేల్చేసింది. రెండోసారి నెల తప్పగానే కిటికీలకు ప్లాస్టిక్ కవర్లు కొట్టి, తలుపు కింది సందులో పాత చీర కుక్కింది. ఆ వాసన ఎరిగినవాళ్లెవరూ ఆమెను వెక్కిరించరు. ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తే గొంతు పట్టేస్తుంది. నాకూ భయమే.

ఇక నన్ను గడప దాటనివ్వలేదు. నీళ్లు పట్టడం, బట్టలు ఆరేయడం అన్నీ ఆమే. ఆదివారం చర్చికి కూడా పరదాలు దించిన ఆటోలోనే, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని పోయాను. మహారాణికి కూడా ఇంత పహరా ఉండదని మా ఆయన నన్ను ఆటపట్టించేవాడు. ట్యూబులైటు వెలుగులోనే నెలలన్నీ మోశాను. చివరి నెలల్లో నడుము, తొడలు ఒకటే పీకులు. గోడ పట్టుకుంటే తప్ప లేవలేకపోయేదాన్ని. కడుపుతో ఉంటే నొప్పులు మామూలే అన్నారు అందరూ.

బాబు పుట్టాడు. అత్తమ్మ మోకరించి ఏడుస్తూ ప్రార్థన చేసింది. వాణ్ణి ఇంకా తొట్టెలలో వెయ్యనేలేదు, ఒక పొద్దున పాలు తాగుతూ తాగుతూ వాడి చెయ్యి దానంతటదే కొట్టుకోవడం మొదలైంది. ఆ తర్వాత కాలు. కళ్లు పైకి పోయాయి. ఆసుపత్రి దాకా ఎలా పోయామో నాకు గుర్తులేదు.

పిల్లల డాక్టరమ్మ మా ఇద్దరికీ రక్తపరీక్ష చేయించింది.

"ఫిట్స్ అమ్మా. బాబుకు కాల్షియం పడిపోయింది. నీకు విటమిన్ డి లేనే లేదు. తల్లికి లేకుంటే బిడ్డకు ఏడికెళ్లి వస్తది? కడుపుతోటి ఉన్నప్పుడు ఎండకు పోలేదా?"

నేను నోరు విప్పేలోపే అత్తమ్మ అందుకుంది. "నేనే పోనియ్యలే మేడం. వాసన తగుల్తదని."

ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఏ కంపెనీదో కూడా తెలియని ఆ వాసన మీద మాత్రం ఒళ్లు మండిపోయింది.

వాడు బతికాడు. చుక్కల మందు రాసి, రోజూ కాసేపు ఎండ తగలనివ్వమన్నారు. ఇంటికొచ్చిన మర్నాడే అత్తమ్మ వాడి చొక్కా విప్పి, ఒళ్లో వేసుకొని వాకిట్లో కూర్చుంది. వాడు ఎండకు కళ్లు చికిలించి ఆవలించాడు. అంతలో గాలి మళ్లింది, వాసన వచ్చింది. ఆమె కొంగుతో వాడి ముక్కు మూయబోయి, ఆగి నా వైపు చూసింది.

"లోపటికి తీస్కపోవాల్నా బిడ్డా, ఉండనియ్యాల్నా?"

లోపలైతే ఎండ ఉండదు, బయటైతే వాసన; ఏది చెప్పినా దెబ్బ వాడికే తగులుతుంది.