చోళ్ళ మీద పడని అడుగు

నాన్నకు రెండేళ్లుగా ఒకటే అవస్థ. నడుస్తూ నడుస్తూ ఉండగా పాదాలు నేలకు అతుక్కుపోతాయి. మూడు వారాలుగా గజపతినగరం నుంచి విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. అక్కడ తలకు తడి స్పాంజి పట్టీ కట్టి కాసేపు సన్నగా కరెంటు ఇస్తారు. తర్వాత నేలకు అంటించిన టేపులు దాటిస్తూ నడిపిస్తారు.

ఈ రోజు మొదటి టేపు దగ్గరే ఆగిపోయాడు.

"కాలెత్తండి తాతగారూ" అని ఫిజియోథెరపిస్టు అమ్మాయి బతిమాలింది.

"నానెత్తతన్నానమ్మా, అది లెగట్లేదు" అన్నాడు. కళ్ళలో నీళ్ళు.

పట్టుకుందామని గబుక్కున లేచాను. మిల్లుకు ఇవ్వాలని తెచ్చిన చోళ్ళ సంచి, అదే రాగుల సంచి, ఒళ్లోంచి జారి గింజలన్నీ ఆయన ముందు చెల్లాచెదురయ్యాయి. తిండిగింజను ఏనాడూ తొక్కని రైతు ఆయన. మోకాలెత్తి, ఖాళీ చూసుకుని అడుగేశాడు. ఇంకొకటి వేశాడు. అలాగే గింజలన్నీ దాటేసి నావైపు తిరిగాడు.

"ఒరే, గింజలు తొక్కేస్తన్నావు. కాలు తియ్యరా!"

ఇది కరెంటు మహిమా, చోళ్ళ మహిమా? మీరే చెప్పండి. నేను మాత్రం వెంటనే కాలు తీయలేకపోయాను. ఈసారి అతుక్కుపోయినవి నా పాదాలు.