ఎడమవైపు చప్పుడు

మొన్న మా మనవరాలు పాట వినమని తన చెవిలో పెట్టుకున్న గుండీలాంటిదొకటి తీసి నా ఎడమ చెవిలో పెట్టి, బాగుందా అన్నట్టు నా ముఖంలోకి చూస్తుంటే, నేను బుద్ధిమంతురాలిలా తల ఊపాను. ఆ చెవికి వినికిడి పోయి చాలా ఏళ్లయిందని పిల్లకు నేనెప్పుడూ చెప్పలేదు. మగ్గం చప్పుడు విని పెరిగిన నా ఈడు వాళ్లకైతే చెప్పడం సులువు కాబట్టి ముందు మీకే చెబుతున్నాను.

తొంభైలలో నారాయణపేటలో మా అత్తగారింట్లో రెండు గుంట మగ్గాలుండేవి, ఒకదాని మీద అత్త, ఒకదాని మీద నేను. కుడిచేత్తో తాడు లాగితే పేక నూలు మోసే నాడె చీర అడ్డంగా ఉరికి అటు పెట్టెలో టక్కుమని ఆగేది, మళ్లీ లాగితే ఇటు టక్కు. ఏ పక్క చప్పుడు మెత్తబడినా నాడె పూర్తిగా చేరలేదని అర్థం, అది చూసుకోకుండా పేక కొట్టామా, పడుగు పోగులు పుటుక్కున తెగిపోయేవి. కళ్లు అంచు మీద, చెవులు పెట్టెల మీద ఉండాలన్నది అత్త నాకు నేర్పిన మొదటి పాఠం.

ఒక ఎండాకాలం నా మగ్గానికి ఎడమ పెట్టె చప్పుడు సన్నబడుతూ వచ్చింది. వడ్లాయనను పిలిపిస్తే పెట్టె విప్పి, చెక్క మార్చి, లోపలి తోలుముక్క కూడా కొత్తది వేసి పోయాడు. అయినా అంతే. వారం తిరక్కుండా మళ్లీ పిలిపించాను, పాపం ఆయనకు తన పనితనం మీద తనకే అనుమానం వచ్చి ఆ పెట్టెను పదిసార్లు తడిమి చూశాడు. చివరికి అత్త నన్ను లేపి, తాను గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నాలుగైదుసార్లు తాడు లాగింది.

"మగ్గం మంచిగనే ఉన్నది బిడ్డా. నీ చెవే జర సూపిచ్చుకోవాలె."

ఆ చెవిలో కీచురాయి దూరినట్టు ఆగని రొద ఉందని, వాకిట్లో మలుపు తిరిగితే ఒక పక్కకు తూలుతున్నానని అప్పుడు బయటపెట్టాను. రోజంతా మగ్గాలాడే మా వీధిలో చెవిలో హోరు ఎవరికి లేదు, ఎండకు తల తిరగనిదెవరికి అని ఊరుకున్నాను. అత్త ఒప్పుకోలేదు. "మగ్గం హోరైతే రెండు చెవులల్ల ఉండాలె గద, ఒక్క దాంట్లనే ఎందుకుంటది?" అంది. బడి ముఖం చూడని మనిషి వేసిన ఆ ప్రశ్ననే తర్వాత మహబూబ్‌నగర్ దవాఖానలో చెవి డాక్టరూ వేసి, మమ్మల్ని హైదరాబాదుకు పంపాడు.

అక్కడ నన్ను సొరంగంలాంటి యంత్రంలోకి తోసి ఫోటోలు తీశారు. వాటిని వెలుతురుకు పెట్టి, చెవి నుంచి మెదడుకు పోయే నరం మీద జొన్నగింజంత తెల్లటి చుక్కను డాక్టరు చూపించాడు. అది క్యాన్సర్ కాదు, చాలా మెల్లగా పెరుగుతుంది, పెరగకనూ పోవచ్చు, ఇప్పుడు కోయనక్కరలేదు, ఏటా చూసుకుంటూ ఉందాం, పోయిన వినికిడి మాత్రం రాదు అన్నాడు. భయం తర్వాత వచ్చింది గానీ ముందు నన్ను కమ్మింది ఆశ్చర్యమే. నా తల లోపల ఏముందో నేను కళ్లారా చూడడమేమిటి, గింజంత గడ్డ ఒక చెవి మొత్తాన్ని మూసేయడమేమిటి! ఇక మగ్గం మీద కూర్చోలేనని తోచాక మాత్రం తిరుగు బస్సులో జడ్చర్ల దాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఇంటికి రాగానే అత్త నన్ను గుంటలో కూర్చోబెట్టి, నా ఎడమ అరచేతిని ఎప్పటిలాగే ముందున్న, రెండు పెట్టెలను కలిపే పలక మీద ఆనించి, తాను పక్కన నిలబడి తాడు లాగింది.

"ఇన్నవా?"

చెక్కలోంచి నాడె దెబ్బ వచ్చి అరచేతికి తగిలింది. పేక కొట్టడానికి ఆ చెయ్యి అన్నేళ్లూ అక్కడే ఉండేది, అదీ వింటోందని నాకే తెలియదు. "ఇన్న అత్తా" అని ఆమె భుజం మీద తల పెట్టి మళ్లీ ఏడ్చాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు నేశాను, ఎడమవైపు తప్పు వల్ల ఒక్క పోగూ తెగనివ్వలేదు.

ఇప్పుడు అత్త లేదు. మగ్గాలు తీసేశారు, గుంటలు పూడ్చి బండలు పరిచారు, నా గుంట ఉన్నచోట ఫ్రిజ్ ఉంది. జొన్నగింజ మాత్రం పెద్దగా పెరగకుండా, తన రొద తాను పెట్టుకుంటూ నాతోనే ఉంది.

మొన్న పిల్ల అటు తిరగగానే ఆ గుండీని చెవిలోంచి తీసి ఎడమ అరచేతిలో పెట్టుకుని గుప్పిట మూశాను. పాట ఇంకా వస్తోంది కదా అవ్వా అని పిల్ల అడుగుతోంది. నేను చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను, చేతికి ఏమీ తగల్లేదు.