సౌభాగ్యక్కకు వచ్చిన మగవాళ్ళ రోగం

శ్రీపతి బావ గొంతు గురించి చెబితే మీరు నమ్మరు. ఆబిడ్స్‌లో తన టోపీల దుకాణం మెట్ల మీద నిలబడి "రండ్రి రండ్రి, నవాబు నెత్తికైనా నౌకరు నెత్తికైనా నా టోపీ సరిపోతది!" అని కేక వేస్తే, నాంపల్లి స్టేషన్‌లో ఉన్న రైలు, అది గార్డు ఈల అనుకుని కదిలిపోయేది. ఒకసారి అట్లా ఖాళీగా కదిలిన రైలు వికారాబాద్ దాకా పోయి, ప్యాసింజర్ల కోసం సిగ్గుపడుతూ తిరిగి వచ్చింది. కాదన్నవాళ్ళు నాతో పందెం కట్టవచ్చు. మిడిల్ తప్పి బడి మానేసిన నాటి నుంచి నేను ఓడిన పందెం లేదు.

ఆయన భార్య సౌభాగ్యక్క గొంతు మాత్రం ఏనాడూ వాకిలి దాటలేదు. స్టేషన్ వెనక గల్లీలో వాళ్ళ ఇంటి ముందుగదిలో నేను కిరాయికి ఉండేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. అక్క, బావ అని నేనే తగిలించుకున్నాను, బావ అయితే ఎంత ఎగతాళి చేసినా చెల్లుతుందని. అక్కకు తలనొప్పులు వచ్చేవి. శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసుకుని మళ్ళీ పనిలో పడేది.

"పట్టీ కట్టినవ్, ఏ యుద్ధానికి పోతున్నవ్ అక్కా?" అనేవాణ్ణి.

"నీ కడుపు మీదికే. గంజెడు అన్నం వండినా నిండుతలేదు గద!" అనేది.

జర్మనీ యుద్ధం మొదలైన మరుసటి ఎండాకాలం బావ దుకాణంలో రూమీ టోపీని ఇత్తడి అచ్చుకు తొడిగి ఆవిరి పట్టిస్తూ నిలువునా కూలిపోయాడు. మూతి ఒక పక్కకు పోయింది. ఆబిడ్స్ బజారంతా ఆగిపోయింది, ఇది గప్పా కాదు. ఎదుటి దుకాణం వామన్‌రావు గల్లాపెట్టె తెరిచే ఉంచి ఉరికాడు. టోపీ కోసం వచ్చిన ఒక వకీలు తన మోటారులోనే పడుకోబెట్టి పెద్ద దవాఖానకు చేర్చాడు. తలలో నెత్తురునాళం పగిలిందనీ, కదిలించకూడదనీ డాక్టరు చెప్పాడు. బావ బతికాడు. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. రైళ్ళను కదిలించిన గొంతు పోయింది.

"గిట్లాంటిది మగోళ్ళకే వస్తది" అని గల్లీ తీర్పు చెప్పింది. బజారులో తిరిగేది వాళ్ళు, బేరాలు, కోపాలు, బీడీలు వాళ్ళవి. ఆడవాళ్ళకు వస్తే పిత్తం, లేకపోతే ఎండదెబ్బ, రెండూ కాకపోతే దిష్టి. నేను కూడా అంతే అనుకున్నాను.

బావ మంచం పక్కన స్టూలు మీద అక్క ఒక ఇత్తడి గ్లాసు, చెంచా పెట్టింది.

"ఏం కావాల్నన్నా దీన్ని కొట్టున్రి. నేను ఏ పనిల ఉన్నా ఉరికొస్త" అంది.

అన్నట్టే వచ్చేది. పిండి చేతులతో, తడి జుట్టుతో, ముద్ద నోట్లో ఉండగానే వచ్చేది. "గంట కొడితే దేవతే ఉరికొస్తది, ఏం నసీబు బావా నీది!" అని నేనంటే బావ సగం మూతితో నవ్వేవాడు.

రేషన్ రోజుల్లో, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, అక్క వసారాలో అప్పడాలు ఒత్తుతోంది. సాయానికి బావ చెల్లెలు లక్ష్మీనర్సమ్మ, పక్కింటి శశికళ వచ్చారు. నేను ముందుగదిలో కునుకు తీస్తున్నాను.

"అమ్మా, నా తల!"

అక్క గొంతు వాకిలి దాటడం అదే మొదటిసారి. లేచి గుమ్మం దగ్గరికి పోయాను. రెండు చేతులా తల పట్టుకుని వాంతి చేసుకుంటోంది.

"ఏమైంది వదినా?" అంది లక్ష్మీనర్సమ్మ.

"తల పగులుతుంది. గింత నొప్పి ఎన్నడు రాలె."

"ఎండకు కూసున్నం గద, పిత్తం లేసింది" అంది శశికళ. "ఈ ఈడు ఆడోళ్ళకు గిట్లనే అయితది. జర పండుకుంటే అదే పోతది."

శొంఠి పట్టు వేసి పక్కగదిలో చాప మీద పడుకోబెట్టారు. మంచం మీది నుంచి బావ అంతా చూశాడు. ఎడమ చేత్తో చెంచా అందుకుని గ్లాసును కొట్టాడు. అంత గట్టిగా ఎన్నడూ కొట్టలేదు. గ్లాసుకు సొట్ట పడింది.

"అన్నకు ఆకలైంది" అని లక్ష్మీనర్సమ్మ అన్నం పెట్టబోయింది. ఆయన మొహం తిప్పుకుని మళ్ళీ కొట్టాడు.

"చూసినవా, నేను పెడితే తినడు, వదినె చెయ్యే కావాలె! పెండ్లాం పండుకున్నదని కూడ చూడరు ఈ మగోళ్ళు!"

కొడితే వస్తానన్న మనిషి వచ్చింది. గోడ పట్టుకుని, పెరుగన్నం కంచంతో. బావ ఆ కంచాన్ని ఒక్క దెబ్బ కొట్టాడు. మెతుకులు గదంతా చిమ్మాయి. "అన్నా, పిచ్చి లేసిందా!" అని లక్ష్మీనర్సమ్మ అరిచింది. ఆయన పిడికిలితో తన తల మీద గుద్దుకున్నాడు. అక్క తల వైపు చూపించాడు. చచ్చుబడిన తన కుడి చేతిని ఎత్తి చూపించాడు.

మాలో ఎవరికీ అర్థం కాలేదు. అక్కకు అర్థమైంది.

"నాకు గూడ మీ లెక్కనే అయితుందంటున్నరా?" అంది. నుదుటి పట్టు కింద చిన్నగా నవ్వింది. "నాకెందుకైతది? నేనేమన్న మగోన్నా?"

వంగి మెతుకులు ఎత్తబోయింది. వంగిన మనిషి మళ్ళీ లేవలేదు.

ఉరికి టాంగా తెచ్చాను. "పరదా లేకుంట ఎట్ల ఎక్కిస్తవ్?" అంది లక్ష్మీనర్సమ్మ. దుప్పట్లన్నీ అప్పడాల కింద పరిచి ఉన్నాయి. ఒకటి దులిపి, టాంగాకు కట్టేసరికి గుర్రం కూడా విసుక్కుంది. ఆడమనిషి కనుక ఆడవాళ్ళ దవాఖానకే పోనిమ్మన్నారు, నేనూ తలూపాను. అక్కడి డాక్టరమ్మ కనురెప్ప ఎత్తి చూడగానే, ఇది మా దగ్గర అయ్యేది కాదు, పెద్ద దవాఖానకు పొమ్మంది. గౌలిగూడ రద్దీలో పడి అక్కడికి చేరాం. బావ మోటారులో తిన్నగా చేరిన చోటికే.

అప్పుడు బావను చూసిన డాక్టరు సాబే చూసి, "ఈమె భర్తకు అయిందే ఈమెకూ అయింది" అన్నాడు.

జరిగిందంతా చెప్పి, "జల్ది తెస్తే బతికేదా సాబ్?" అని అడిగాను.

"అది చెప్పలేను" అన్నాడు. కానీ "ఆమెను లేపకుండా ఉండాల్సింది" అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు అక్క పోయింది. ఈ చోట ఒక గప్పా అతికించి, రైలును వికారాబాద్ నుంచి తిప్పినట్టు అక్కను తిప్పి తేవడం నాకు చిటికెలో పని. ఎందుకో చేతకావడం లేదు.

బావను చూసుకోవడానికి లక్ష్మీనర్సమ్మ అక్కడే ఉండిపోయింది. సొట్ట పడిన గ్లాసును తోమి మళ్ళీ స్టూలు మీద పెట్టింది. ఆయన ఒక్కసారి కూడా కొట్టలేదు. దాహమైనా, ఆకలైనా, పక్క తడిసినా ఎవరికో ఒకరికి గుర్తొచ్చేదాకా అట్లాగే పడి ఉండేవాడు.

"మంచినీళ్ళు కావాల్నంటే జర కొట్టరాదు అన్నా? గా వంటింట్ల ఉంటె నాకెట్ల తెలుస్తది?" అని ఒకనాడు ఆమె ఏడ్చినంత పని చేసి, చెంచా ఆయన చేతిలో పెట్టి పోయింది.

నేను మంచం పక్కనే ఉన్నాను. ఆయన పెదవులు ఎండిపోయి ఉన్నాయి. బావ ఆ చెంచా గ్లాసుకు ఎక్కడ తగులుతుందోనన్నట్టు పిడికిట్లో బిగించి, గుండెల మీద పెట్టుకుని, వంటింటి గుమ్మం వైపే చూస్తున్నాడు.