తవుడిచ్చి కొన్న అత్త

ప్రభుత్వం ఏదైనా ఊరికే ఇస్తానంటే నాకు ముందు అనుమానం వస్తుంది. మా తాతముత్తాతల్ని వెతికి ఇస్తానంటే మరీనూ. రాజాంలో ఒక కాలేజీ మైదానంలో షామియానాలు వేసి, మీ వంశం గురించి తెలుసుకోండి అని బ్యానర్ కట్టారు. పాత జనన మరణ రిజిస్టర్లు, భూమి రికార్డులు, ఓటర్ల జాబితాలు కంప్యూటర్లోకి ఎక్కించారట. ఊరు, ఇంటిపేరు చెబితే ముత్తాత దాకా లాగి, వంశవృక్షం అచ్చు వేసి చేతిలో పెడతారట. ఒక్క అడంగల్ కాపీ కోసం మమ్మల్ని చెప్పులరిగేలా తిప్పినవాళ్లకి, మా ముత్తాత మీద ఇంత ప్రేమ ఎక్కడినుంచి పుట్టుకొచ్చిందో నాకు అంతుబట్టలేదు.

అంతకన్నా పెద్ద అనుమానం మా అన్నయ్య మీద. చీపురుపల్లి దగ్గర మా ఊరినుంచి పొద్దున్నే, రాజాంలో కాపురముంటున్న నాకు ఫోన్ చేసి, "ఒసే, అత్తని రాజాం తీసుకొస్తన్నాను. నువ్వూ మైదానం కాడికి రా. సరదాగా సూద్దాం," అన్నాడు.

అత్త అంటే మా నాన్నకి అక్క. చిన్నప్పుడే మా అమ్మ పోతే, మా ఇద్దరినీ పెంచి పెద్దచేసిన మనిషి. తాత ఇంటి స్థలంలో వెనక వైపు రెండు గదుల పెంకుటిల్లు ఆమెది, ముందు వైపు మేడ అన్నయ్యది. ఆమె కంట్లో శుక్లం ముదిరితే ఆసుపత్రికి తీసుకెళ్లడానికి తీరిక లేనివాడు, ఇప్పుడు సరదా కోసం ఆటో మాట్లాడాడంటే నేనెలా నమ్మను? ఇంటి స్థలాలకు కొత్తగా హక్కు పత్రాలు ఇస్తారన్న మాట అప్పటికే మా ఊళ్లో నలుగుతోంది. ఆ కాగితాలకి వంశవృక్షం కూడా జతచేయాలని, అందులో పేరుంటేనే వాటా అని కొందరు అంటున్నారు.

అత్త మాత్రం పెట్టెలోని మంచి చీర కట్టుకుని వచ్చింది. ఆమెకి చదువు రాదు. "మాయమ్మ పేరు ఉంటాదేటే అందులో? సదివి నాకు సెప్పాల నువ్వు," అని నా చెయ్యి పట్టుకుని అడుగుతూనే ఉంది.

షామియానా కింద జనం కిటకిటలాడుతున్నారు. ఎవరి బల్ల ఎక్కడో తెలియక అందరూ ఒకరినొకరు అడుగుతున్నారు. అన్నయ్య ఎవరినీ అడగలేదు. మమ్మల్ని తిన్నగా చివరి బల్ల దగ్గరికి నడిపించాడు. అది చూశాక నా అనుమానం ఇంకాస్త గట్టిపడింది.

బల్ల వెనక కృష్ణా జిల్లానుంచి వచ్చిన ఒక ఉద్యోగిని కూర్చుంది. కంప్యూటర్ తెర మా వైపు తిప్పింది. పైన తాత, నాన్నమ్మ. కింద నాన్న ఒక్కడే. అత్త పేరు లేదు.

"ఈ పెద్దావిడ మీ తాతగారి అమ్మాయి కాదండి. అప్పటి గ్రామ మునసబు రాసిన జనన రిజిస్టర్లో తండ్రి పేరు వేరే ఉంది," అని, అన్నయ్య వైపు చూసి, "నిన్న మీకు చూపించాను కదా సార్, అదే పేజీ," అంది.

నిన్నే వచ్చి చూసుకున్నాడన్నమాట. పెంచిన మనిషికి, నువ్వు మా మనిషివి కాదని ప్రభుత్వం నోటితో చెప్పించడానికి ఇవాళ తీసుకొచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"గవర్నమెంటు కాయితం మరి. మనం ఏటి సేస్తాం?" అన్నాడు అన్నయ్య, నా మొహం చూడకుండా.

ఎవరి కూతురినని రాశారో వినాలని అత్త ముందుకి వంగింది. "ఎవులి గుంటనంట నాను?"

ఉద్యోగిని పేరు చదివింది. అది ఒకప్పటి మా పక్కింటాయన పేరు. అత్త పకపకా నవ్వింది.

"ఓలమ్మ! అదా! నాకన్నా ముందు పుట్టిన గుంటలు మాయమ్మకి దక్కనేదు. నాను పుట్టగానే సేటలో ఏసి పక్కింటామెకి ఇచ్చీసింది. మల్లీ తవుడిచ్చి కొనుక్కుంది. మునసబు వచ్చి ఎవులి గుంటని అడిగితే, నాది కాదు, పక్కింటోలది అనీసింది. నాదంటే యముడు నన్నూ అట్టుకుపోతాడని బయం."

"తవుడికి పిల్లని అమ్మేశారా?" ఉద్యోగిని తెల్లబోయింది. మా వెనక వరుసలో నవ్వులు లేచాయి. "మా ఇంట్లోనూ ఒకలున్నారమ్మా," అని ఎవరో అన్నారు. తవుడు పేరు పెట్టుకున్న మనిషి లేని ఊరు మా వైపు అరుదు. మా అత్త పేరూ అదే. ఆ పేరెందుకు పెడతారో పై జిల్లా మనిషికి తెలియకపోవచ్చు. పుట్టినప్పటినుంచీ వింటున్న అన్నయ్యకి తెలియదా?

ఈమె తాతగారి కూతురేనని రక్తసంబంధీకులు ఇద్దరు రాసి సంతకం పెడితే పేరు చేరుస్తానంది ఉద్యోగిని. నేను వెంటనే పెట్టేశాను. అన్నయ్య పెన్ను పట్టుకోలేదు. "తొందరేటి? ఇంటికెల్లి ఆలోసిద్దాం," అన్నాడు.

అప్పుడు పోయింది అత్త మొహంలో నవ్వు. అన్నయ్య వైపు తిరిగింది.

"ఒరే, అది యముడు నమ్మాలని మాయమ్మ ఆడిన అబద్దంరా. ఆడు నమ్మీసినాడు, నన్నొగ్గీసి ఎల్లిపోనాడు. నువ్వు కూడా నమ్మీసినావేటి?"

అన్నయ్య తల దించుకుని పెన్ను అందుకున్నాడు. సంతకం పూర్తయ్యేదాకా నేను ఆ చేతిమీంచి చూపు తిప్పలేదు.

కొత్త కాగితం వేడివేడిగా బయటికి వచ్చింది. నాన్నమ్మ పేరు ఎక్కడుందో అత్త వేలు పట్టి చూపించాను. దాని కిందే ఆమె పేరు కూడా చదివి చెప్పాను. ఆమె ఆ రెండు పేర్లనీ మాటిమాటికీ తడుముకుంది.

"ఇలాగియ్యి, నా కాడ ఉంటాదిలే," అని అన్నయ్య చెయ్యి చాపాడు.

నేను ఇవ్వలేదు.